పదకొండు మీద ఒక్క ముక్క

చింతలకుంట, ఎల్బీనగర్
14 జూన్ 2025

బిడ్డ సాధనకు,

మీ మామ సుందరయ్య రాస్తున్నది. ప్రభువు దయ వల్ల ఇక్కడ అందరం తిరుగుతూనే ఉన్నాం, మీ అమ్మ మోకాళ్లు తప్ప.

బోరు బండి మీద అన్నేళ్లు పని చేసినవాని చెవులు ఎట్లుంటాయో నీకు తెలియనిది కాదు. నిన్న నువ్వు ఫోను చేసినప్పుడు మీ అమ్మ దాన్ని తెచ్చి నా చెవికి ఆనించింది. గాలి చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ఆమేమో ఫోనులో తిన్నావా, పడుకున్నావా తప్ప ఇంకో మాట అడగదు. పెట్టేసినాక ఏం చెప్పింది అంటే "బాగనే ఉన్నదట" అంటుంది. అందుకని ఇకనుంచి ఉత్తరం రాయి. నేను చదివి ఆమెకు వినిపిస్తాను.

అడిగేది ఒకటి ఉంది. నీది ఏం పని? పోయేటప్పుడు గోవాలో ఓడ మీద హోటల్ అన్నావు. సంఘంలో అడిగినవారికి నేనూ అదే చెప్పాను. మొన్న మన పక్క పోర్షన్ మట్టయ్య టెంపో కిరాయికి గోవా పోయి వచ్చాడు. ఆ ఓడలన్నీ పత్తాలాడే ఓడలేనట, నదిలో ఒక్కచోటే నిలబడి ఉంటాయట. ఎక్కడికీ పోని ఓడ ఎందుకు? మీ అమ్మ నువ్వు దుబాయి దాకా పోయి వస్తున్నావని అనుకుంటున్నది. ఆమెకు ఇంకా ఏమీ చెప్పలేదు.

అక్కడ ఇరవై ఒకటి ఆట ఆడతారని మట్టయ్య అన్నాడు. పెండ్లిండ్లలో మనవాళ్లు ఇరవై ఒక్క ముక్కలు పంచుకుని కూర్చుంటారు, అదే కదా? అందులో నువ్వు ఏం చేస్తావు? ఆడతావా? ఆడితే గెలుస్తున్నావా, ఓడుతున్నావా?

దిల్‌సుఖ్‌నగర్ హాస్టలు గేటు దగ్గర కూర్చుని రాస్తున్నాను. కోచింగు పిల్లలు బయటికి పోయే వేళయింది. రిజిస్టరులో సంతకాలు పెట్టించాలి.

మామ
సుందరయ్య


పణజి
23 జూన్ 2025

మామా,

నీ ఉత్తరం అందింది. రూములో నలుగురం ఉంటాం. మిగతా ముగ్గురూ కవరు తిప్పి తిప్పి చూశారు. వాళ్లకు ఇంతవరకు ఎవరూ ఉత్తరం రాయలేదట.

మట్టయ్య కాక చెప్పింది నిజమే. ఓడ కదలదు. లంగరు వేసి ఉంటుంది, ఒడ్డు నుంచి చిన్న పడవలో పోయి ఎక్కాలి. నేల మీద ఒప్పుకోని ఆట నీళ్ల మీద ఒప్పుకుంటారని ఇక్కడివాళ్లు అంటారు. అదెందుకో నాకూ తెలియదు.

హోటల్ అన్నది సగమే నిజం. ఓడలో హోటల్ ఉంది, నేను అందులో లేను. నాది పత్తాలు పంచే పని. నేను ఆడను. ఆడేది ఎదుట కూర్చున్నవాళ్లు. నేను ఓడ తరఫున పంచుతాను.

ఇది మన ఆట కాదు, మామా. జోకరు లేదు, కలపడం లేదు, దింపడం లేదు. ఒక్కొక్కరికీ రెండు ముక్కలు. వాటి మీది అంకెలు కూడితే ఇరవై ఒకటికి ఎంత దగ్గరైతే అంత మంచిది. దాటితే అవుట్. రాజు, రాణి, గులాం పదేసి. ఆసును ఒకటి అనుకోవచ్చు, పదకొండు అనుకోవచ్చు. నాకూ రెండు ముక్కలు, ఒకటి తెరిచి, ఒకటి మూసి. చాలవనుకుంటే ఆడేవాడు ఇంకో ముక్క అడుగుతాడు, చాలనుకుంటే చేయి ఊపుతాడు. నాకు ఆ ఇష్టం లేదు. పదహారు వరకు తీయాల్సిందే, పదిహేడు వస్తే ఆపాల్సిందే.

ఆడేవాడికి ఇంకో దారి ఉంది. మొదటి రెండు ముక్కలు చూసుకుని పందెం రెండింతలు చేయవచ్చు. దాన్ని డబల్ అంటారు. అయితే డబల్ చేసినవాడికి ఒక్కటే ముక్క వస్తుంది. మంచిదైనా చెడ్డదైనా దానితోనే ఉండాలి, ఇంకోటి అడగడానికి లేదు. అందుకే ఎప్పుడు చేయాలో తెలియాలి. చేతిలో పదకొండు ఉంటే చేయాలి, ఎందుకంటే కట్టలో పది విలువ గల ముక్కలే ఎక్కువ. నాది ఆసు అయితే మాత్రం ఆగాలి. చేతిలో పది ఉండి నాది తొమ్మిదో అంతకు తక్కువో అయితే చేయాలి. నాది నాలుగు, ఐదు, ఆరు అయితే ఇబ్బంది నాది. తీస్తూ పోయి నేనే దాటిపోతాను. అప్పుడు తొమ్మిదితో కూడా చేయవచ్చు. పన్నెండు, పదమూడుతో ఎప్పుడూ చేయకూడదు. జనం మాత్రం ఓడుతున్నప్పుడు కోపంతో డబల్ చేస్తారు. మంచి చేయి వచ్చినప్పుడు భయపడి ఊరుకుంటారు. రోజూ చూస్తున్నాను.

ఇదంతా మాకు నోటికి రావాలి, పరీక్షలు కూడా పెడతారు, కానీ ఆడేవాడికి ఒక్క మాట చెప్పకూడదు. టేబుల్ దగ్గర ఇంగ్లీషు, హిందీ తప్ప మాట్లాడకూడదు. ఎవరినీ తాకకూడదు. తెలిసినవాళ్లు వచ్చి కూర్చుంటే సూపర్‌వైజరుకు చెప్పి లేచిపోవాలి. నెత్తి మీద కెమెరాలు ఉంటాయి.

డిసెంబరులో పర్మనెంటు చేస్తారో లేదో తెలుస్తుంది. నాకు ఈ పని కావాలి, మామా. కొత్తపేట బట్టల షాపులో రెండేళ్లు నిలబడ్డాను. ఏదైనా బాగా చేశానని అక్కడ ఒక్కరూ అనలేదు. ఇక్కడ నా చేతులు చూసి అన్నారు.

పనేమిటో అమ్మకు నువ్వే మెల్లగా చెప్పు. డబల్ ముచ్చట ఆమెకు అక్కరలేదు. నువ్వు అడుగుతావని రాశాను.

నీ మేనకోడలు
సాధన


చింతలకుంట
4 జులై 2025

బిడ్డ సాధనకు,

నీ ఉత్తరం చదివాను. మీ అమ్మకు కూడా చదివి వినిపించాను. మెల్లగా చెప్పమని నువ్వు రాసిన మాట చివర ఉన్నది. అక్కడికి వచ్చేసరికి ముందుదంతా అయిపోయింది.

నేను చదువుతుంటే ఎంత పెద్దగా వినపడుతుందో నాకు తెలియదు. తల ఎత్తి చూస్తే గుమ్మం దగ్గర పక్క పోర్షన్లవాళ్లు నిలబడి ఉన్నారు. మట్టయ్య గోడ మీద మోచేతులు పెట్టి "బావా, గా పదకొండు ముచ్చట ఇంకోపారి సదువు" అన్నాడు. చదివాను. అడిగితే కాదని ఎట్ల అంటాను? ఆయన భార్య యాదలక్ష్మి పన్నెండుతో ఎందుకు చేయొద్దని అడిగింది.

మీ అమ్మకు ఒక పరేషాన్ పట్టుకుంది. ఇరవై ఒకటి దాటితే అవుట్ అని రాశావు కదా. నీకు ఇరవై నాలుగు నిండాయి, కంపెనీవాళ్లకు వయసు తక్కువ చెప్పి చేరావేమోనని భయపడుతున్నది. అది ఆడపిల్లల సంగతి కాదు, పత్తాల సంగతి అని చెప్పాను. నమ్మినట్టు లేదు. ఆధారు కార్డు ఎవరికీ చూపించొద్దని రాయమన్నది.

పత్తాల పని పాపమా అని కూడా అడిగింది. పాస్టరు గారిని అడుగుతానన్నాను. ఇంకా అడగలేదు.

నాకు అర్థం కానివి రెండున్నాయి. పదహారు దాకా తీయాలె, పదిహేడుకు ఆపాలె అని వాళ్లే చెప్పినప్పుడు, నీ తెలివితో పనేముంది? తెలివితో పని లేకుంటే పరీక్షలు ఎందుకు పెడుతున్నారు?

రెండోది ఆ డబల్ సంగతి. బోరు దగ్గర రాతిపొడి తడిగా వస్తుంటే ఇంకో రాడ్డు దించడం తెలివి. ఎండు దుమ్ము లేస్తుంటే బండి తీసుకుని పోవడం తెలివి. ఓనర్లు మాత్రం దుమ్ము లేస్తున్నప్పుడే ఇంకా దించు అంటారు. నేనూ వాళ్లు చెప్పినట్టే దించినవాణ్ని. అక్కడిదాకా నీ మాట తెలిసింది. కానీ తడి దొరికినాక ఒక్కటే రాడ్డు దించి ఆపాలంటే అదేం న్యాయం? ఇది ఎవరు పెట్టిన లెక్క?

మట్టయ్యకు మళ్లీ గోవా కిరాయి తగిలింది. హయత్‌నగర్ ప్లాట్ల వ్యాపారం పిల్లలు కొందరు పోతున్నారట. నీకు మామిడికాయ తొక్కు పంపుతున్నాం. ఎక్కడ ఉంటావని అడిగితే నీ ఓడ పేరు చెప్పాను.

మామ
సుందరయ్య


పణజి
14 జులై 2025

మామా,

ఇది అందగానే మట్టయ్య కాకతో మాట్లాడు. రాత్రి ఫోను చేసి అమ్మకు చెప్పబోయాను, తిన్నావా అని అడిగి పెట్టేసింది. ఆయన ఓడ ఎక్కొద్దు. తొక్కు నేనే ఒడ్డుకు వచ్చి తీసుకుంటాను. బస్టాండు దగ్గర ఆగమను, నా నంబరు ఇవ్వు.

నేను రాసిన లెక్క వాడలో అందరికీ చదువుతావని అనుకోలేదు. తప్పు నీది కాదు. వేరే కాగితం మీద రాయాల్సింది.

అది గెలిపించే లెక్క కాదని వాళ్లకు చెప్పు. అన్నీ సరిగ్గా చేసినా చివరికి ఓడదే పైచేయి. తక్కువ ఓడిపోయే లెక్క అది, అంతే. ఒక్కటే ముక్క ఎందుకంటావా? రెండింతలు పెట్టనిచ్చినందుకు ఓడ తీసుకునే బదులు అది. ఊరికే ఏదీ ఇవ్వరు.

నా తెలివితో పనేమిటన్నావు. ఎదుటివాడు తప్పు చేస్తుంటే చూస్తూ నోరు మూసుకోవడం, అదే పని. పరీక్ష కూడా అందులోనే.

అమ్మకు నా వయసుతో ఏ ఇబ్బందీ లేదని చెప్పు.

సాధన


చింతలకుంట
25 జులై 2025

బిడ్డ సాధనకు,

నీ ఉత్తరం మట్టయ్య పోయినాక వచ్చింది. కానీ భయపడే పని ఏమీ జరగలేదు. అంతా మంచే జరిగింది. ఆయన తిరిగి వచ్చి రెండు రోజులైంది, వాడంతా నీ ముచ్చటే.

మట్టయ్య చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. బండి ఒడ్డున పెట్టి ప్లాట్ల పిల్లలతో ఓడ ఎక్కాడట. తొక్కు డబ్బా సెక్యూరిటీవాడు గేటు దగ్గరే ఉంచుకున్నాడట. నీకు అందిందా లేదా రాయి. లోపల నువ్వు నల్లకోటు వేసుకుని నిలబడి ఉంటే ముందు గుర్తుపట్టలేదట. "మన సాధన గీ కలెక్టరు తీరు నిలబడ్డదేంది అనుకున్న" అన్నాడు. ఎదుట కూర్చున్నాడట. చెప్పిన లెక్క ప్రకారం పదకొండు వచ్చిందట. నిన్ను అడిగితే నువ్వు అవునన్నావట, గెలిచాడట. వచ్చేటప్పుడు నిన్ను ఆశీర్వదించి వచ్చాడట.

మీ అమ్మకు ఆ ఆశీర్వదించిన మాట నచ్చింది. ఊరుగాని ఊరిలో పెద్దదిక్కు ఒకరు నెత్తి మీద చేయి పెట్టి వచ్చినారు అన్నది.

ఒకటే తెలియలేదు. నువ్వు తర్వాత ఆయనతో మాట్లాడలేదట. సూపర్‌వైజరు వచ్చి నిన్ను లోపలికి తీసుకుపోయాడట, ఒడ్డున ఎంతసేపు చూసినా రాలేదట. మట్టయ్య అది ప్రమోషన్ అనుకుంటున్నాడు. నిజమేనా?

మామ
సుందరయ్య


పణజి
26 జులై 2025

మామా,

నా పని పోయేటట్టు ఉంది. జరిగింది రాస్తాను, జాగ్రత్తగా చదువు.

మట్టయ్య కాక వచ్చి నా ఎదుట కూర్చున్నాడు. అప్పుడే సూపర్‌వైజరును పిలవాల్సింది. టేబుల్ మీద అప్పటికే పందేలు పెట్టి ఉన్నాయి, ఈ ఒక్క ఆటా అయినాక లేస్తాను అనుకున్నాను. ఎందుకు అట్ల అనుకున్నానో ఇప్పుడు అడిగితే చెప్పలేను. నెల దాటింది ఇంటి మనిషిని చూసి.

ఆయనకు ఐదు, ఆరు వచ్చాయి. పదకొండు. నా తెరిచిన ముక్క ఆరు. ఇంతకంటే మంచి చేయి ఉండదు. ఆయన నా ముఖం చూసి "బిడ్డా, గిప్పుడేనా?" అన్నాడు. నా నోట్లోంచి "ఆఁ, కాకా" అని వచ్చింది. అనాలని అనలేదు. చిన్నప్పటి నుంచి ఆయన ఏది అడిగినా అదే అన్నాను.

డబల్ పెట్టాడు. మూడు పడింది. పద్నాలుగు. అది చాలదని ఆయనకు తెలిసింది, ఒక్కటే ముక్క అన్న మాట మాత్రం ఆయన విన్నట్టు లేదు. "ఇంకోటి ఎయ్యి బిడ్డా" అన్నాడు. ఒక్కటే అని మళ్లీ తెలుగులోనే చెప్పాను. నా మూసిన ముక్క రాణి. పదహారు. తీయాల్సిందే కాబట్టి తీశాను, తొమ్మిది వచ్చింది. ఓడ దాటిపోయింది. ఆయన లేచి టేబుల్ మీదుగా రెండు చేతులూ చాపి నా నెత్తి మీద పెట్టాడు. నేను తల వంచాను. అది కూడా అనుకుని చేసింది కాదు.

సూపర్‌వైజరు ఆయన ఎవరని అడిగాడు. అంకుల్ అన్నాను. కాగితం మీద అంకుల్ అని రాసుకున్నారు. బంధువును కూర్చోబెట్టి ఆట చెప్పి గెలిపించానని ఇప్పుడు నా మీద నేరం.

రెండు దారులు చూపారు. ఇప్పుడే రాజీనామా ఇస్తే అనుభవం పత్రం ఇస్తారు, దానితో వేరే ఓడలో అడగవచ్చు. లేదంటే విచారణకు కూర్చోవాలి. అందులో తప్పు తేలితే పత్రం ఉండదు, ఇంకే ఓడలోనూ తీసుకోరు.

నేను విచారణ అడిగాను. కెమెరాలో బొమ్మ ఉంది, మాట లేదు. కాకతో వచ్చిన పిల్లలు వేరే టేబుల్‌కు పోయారు, పక్కన ఆడుతున్నవాళ్లకు తెలుగు రాదు. కాక మనకు చుట్టం కాదన్నది నిజం. వాళ్లది బలహీనమైన చేయి, నాది పదకొండు అనిపించింది. పడాల్సింది ఒక్క ముక్క. అది నీ ఉత్తరం.

మట్టయ్య అనే ఆయన మాకు రక్తసంబంధం కాదు, పెండ్లి సంబంధం కాదు, పక్క పోర్షన్‌లో కిరాయికి ఉంటాడు, అంతే. ఇది ఇంగ్లీషులో రాయించి, నువ్వు సంతకం పెట్టి, కింద ఇచ్చిన అడ్రసుకు పంపు. ఇంకేమీ రాయొద్దు.

సాధన


చింతలకుంట
6 ఆగస్టు 2025

బిడ్డ సాధనకు,

నీ ఉత్తరం, నా ఉత్తరం దారిలో ఎదురుపడినట్టున్నాయి. ప్రమోషన్ అని రాసినందుకు ఏమీ అనుకోకు. నాకు చెప్పింది నేను రాశాను.

నువ్వు చెప్పిన పని చేశాను. చెప్పినదానికంటే బాగా చేశాను. వివరంగా రాస్తాను.

నీ ఉత్తరం వచ్చినప్పుడు మట్టయ్య మన ఇంట్లోనే కూర్చుని చాయ తాగుతున్నాడు. ఆయన గురించే ఉన్నదని నాకు ముందు తెలియదు కదా. చదువుతూ పోయి, ఆయన మనకు ఏమీ కాడు, కిరాయికి ఉంటాడు అన్నదాకా వచ్చినాక ఆపాను. తప్పు తనదని ఆయనకు అప్పుడు తెలిసింది. గ్లాసు కింద పెట్టి "రాయి బావా. కిరాయికి ఉన్నోన్నే కద" అన్నాడు. మీ అమ్మకు కోపం వచ్చింది. "కాలు ఇరిగిననాడు నన్ను దవాఖానకు ఎత్తుకపోయినోడు ఏం గానోడా?" అన్నది. అప్పుడు నేను మెట్రో కాంట్రాక్టరు దగ్గర పనికి పోయి ఉన్నాను, ఆయన లేకుంటే ఏమయ్యేదో.

పొద్దున హాస్టలుకు పోయి వార్డెన్ విజయశ్రీ మేడంను ఇంగ్లీషులో రాసిపెట్టమన్నాను. ఆమె గుంటూరువైపు మనిషి, మంచిదే. నేను చెబుతుంటే మధ్యలో ఆపి "సుందరయ్యగారూ, అమ్మాయి అడిగింది బంధువు కాదని రాయమని కదండీ. మీరు చెప్పేది వేరేగా ఉందేంటి?" అన్నది. ఆమెకు మన పంచాయతీలు తెలియవు. మనిషి మీద నింద పడ్డప్పుడు మేము ఎవరం, వాడు ఎవడు అంటే ఎవరైనా నమ్ముతారా? ముఖం తెలియనివాని కోసం పూచీ ఎవరు పడతారు? నిలబడేవాడు అయినవాడని తెలిస్తేనే ఆ మాటకు బరువు. కాదు మేడం, నేను చెప్పినట్టే రాయండి అన్నాను. రాసింది.

మట్టయ్య మాకు పుట్టు చుట్టం కాదు. కానీ ఈ పిల్ల తండ్రి పోయినప్పటి నుంచి సొంత చిన్నాయన కంటే ఎక్కువగా చూసుకున్నాడు. పిల్లను ఎత్తుకుని తిప్పినవాడు. ఆ పిల్ల అబద్ధమాడదు, ఆయనా ఆడడు. ఇద్దరికీ నేను పూచీ. ఇదీ రాయించింది. కింద నేను, మట్టయ్య, సంఘం పెద్ద ఒకాయన సంతకాలు పెట్టాం. నువ్వు ఒక్క సంతకమే అడిగావు, మూడున్నాయి. రిజిస్టరు పోస్టులో పంపాను.

ఇక నీ పనికి భయం లేదనుకుంటాను. విచారణ కాగానే రాయి.

మామ
సుందరయ్య


పణజి
23 ఆగస్టు 2025

మామా,

విచారణ అయింది. పని ఉంది. పర్మనెంటు మాత్రం డిసెంబరు నుంచి మార్చికి జరిపారు.

నువ్వు పంపిన కాగితం మేనేజరు రెండుసార్లు చదివాడు. సొంత చిన్నాయన కంటే ఎక్కువ అన్న చోట వేలు పెట్టి, మీ ఇంటివాళ్లే ఒప్పుకున్నారు కదా అన్నాడు. నువ్వు నా మంచి కోసమే రాశావని నాకు తెలుసు. వాళ్లకు తెలియదు.

మా దగ్గర అందరినీ వరుస పెట్టి పిలుస్తాం అని చెప్పాను. కూరగాయలు అమ్మే ఆమె పిన్ని, ఆటో నడిపేవాడు అన్న, పాలు పోసే ముసలాయన తాత. అక్కడ కూర్చున్న ఒక మేడం అంతా విని, అయితే మీకు ఏమీ కానివాళ్లు ఎవరు అని అడిగింది. ఆమె ఎగతాళికి అడగలేదు, తెలుసుకోవడానికే అడిగింది. ఎంత ఆలోచించినా నాకు ఒక్కరూ గుర్తుకు రాలేదు.

నన్ను బయట కూర్చోబెట్టారు. నేను వేసుకున్న లెక్క తప్పని అర్థమైంది. పడిన ముక్క చిన్నది, ఇంకోటి అడిగే హక్కు లేదు. వాళ్లకు కూడా తేల్చడానికి గట్టి ఆధారం లేదు కాబోలు, లోపల చాలాసేపు మాట్లాడుకున్నారు. తర్వాత ఒక కాగితం టైపు చేసి తెచ్చారు. మూడే మాటలు. మట్టయ్య అనే వ్యక్తి నాకు ఏమీ కాడు. ఇంటి నుంచి వచ్చిన లేఖలో రాసింది తప్పు. ఇకముందు ఆయనతో ఏ సంబంధమూ పెట్టుకోను. సంతకం పెడితే పని, లేకుంటే అప్పుడే సామాను సర్దుకోవాలి.

మూడో మాట తీసేయమని అడిగాను. తీయలేదు. పెన్ను ఇచ్చారు. పెట్టాను.

పని నిలబడ్డందుకు సంతోషంగా ఉందా అంటే తెలియదు. సాయంత్రం మళ్లీ టేబుల్ దగ్గర నిలబడ్డాను. చేతులు బాగానే పనిచేశాయి.

కాకకు నువ్వే చెప్పాలి. ఎట్ల చెప్పాలో నాకు తెలియడం లేదు. నవంబరులో నాలుగు రోజులు సెలవు దొరుకుతుంది, వస్తాను. తొక్కు అందలేదు.

సాధన


చింతలకుంట
7 సెప్టెంబరు 2025

బిడ్డ సాధనకు,

పని నిలబడింది, అది చాలు. మీ అమ్మ ఆదివారం సంఘంలో కృతజ్ఞత కానుక వేసింది.

నేను రాసింది తప్పని సంతకం పెట్టావు. నాకు కోపం లేదు. నేను చెప్పినదాంట్లో ఏ మాట తప్పో తెలుసుకుందామని విజయశ్రీ మేడంతో ఇంకోసారి చదివించుకున్నాను. నాకైతే తప్పు కనపడలేదు. తప్పు లేదు కానీ రాయకుండా ఉండాల్సింది అని ఆమె అన్నది. తప్పు లేనప్పుడు ఎందుకు రాయకూడదో అడిగాను. ఆమె రిజిస్టరు ముందుకు జరిపి సంతకాలు చూసుకోమన్నది.

మట్టయ్యకు చెప్పాను. ఇంట్లో కాదు, బయట ఆయన టెంపో కడుగుతుంటే పోయి చెప్పాను. చేతిలో పైపు అట్లనే పట్టుకుని విన్నాడు. మూడో మాట ఇంకోసారి చెప్పమన్నాడు. చెప్పాను. "నౌకరి ఉంటది గద. సాలు" అని మళ్లీ కడగడం మొదలుపెట్టాడు. అంతటితో అయిపోయిందనుకున్నాను.

మరునాటి నుంచి ఆయన మన ఇంట్లోకి రావడం లేదు. కోపంతో అనుకుని మీ అమ్మ యాదలక్ష్మిని అడిగింది. కోపం కాదట, భయమట. నువ్వు కాగితం మీద రాసిచ్చావు కాబట్టి, రేపు కంపెనీవాళ్లు ఎవరినైనా పంపి వాడలో అడిగిస్తే నీ మాట అబద్ధం కాకూడదట. ఇక్కడ కెమెరాలు లేవు, ఎవరూ రారు అని నేను పోయి చెప్పాను. "ఎవడన్న అడుగుతే నాకు అబద్ధం రాదు, సుందరయ్యగారూ. నిజంగనే ఏం గాకుంటే ఏం గాదని చెప్తా" అన్నాడు. ఇన్నేండ్లలో నన్ను బావా అనకపోవడం అదే మొదలు. నాకు చెవులు సరిగా లేవు కదా, తప్పు విన్నానేమో అనుకుని పెదవులు చూశాను. గారూ అనే అన్నాడు.

నిన్న మీ అమ్మ చేపల పులుసు వండి గిన్నెలో పోసుకుని ఆయన గుమ్మం దగ్గరికి పోయింది. వద్దనలేదు. రెండు చేతులతో తీసుకుని "థాంక్సండీ" అన్నాడట. నల్గొండ మనిషి నోట ఆ అండీ ఎక్కడిదో మీ అమ్మకు తెలియలేదు. ఇంటికి వచ్చి పొయ్యి ముందు కూర్చున్నది. నువ్వు ఇంకా ఏమైనా రాసిచ్చావా అని నన్ను అడిగింది. మూడే మాటలని చెప్పాను.

నవంబరులో నువ్వు వస్తున్నావని ఆయనకు ఎట్లనో తెలిసింది. పొద్దున నేను హాస్టలుకు పోతుంటే ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. నువ్వు ఎల్బీనగర్ చౌరస్తాలో బస్సు దిగినప్పుడు బండి తేవాలా వద్దా అని అడిగాడు. ఎప్పుడూ తెచ్చేవాడివే కదా, తే అన్నాను. తెస్తే కిరాయి తీసుకోవాలె, ఏమీ కానివాడు ఊరికే ఎట్ల తెస్తాడు అన్నాడు. అయితే తీసుకో అన్నాను. అక్కడి నుంచి చింతలకుంటకు బయటివాళ్లను ఎంత అడుగుతాడో ఆయనకు తెలుసు. నిన్ను ఎట్ల అడగాలో మాత్రం తెలియడం లేదట. ముందే చెప్పాలా, దిగినాక చెప్పాలా, నువ్వు తక్కువ చేయమంటే చేయాలా, వద్దా.

నాకూ తెలియలేదు. అమ్మాయికి రాసి అడుగుతానన్నాను. ఆయన సాయంత్రానికే మన గేటు దగ్గర నిలబడి ఉత్తరం వచ్చిందా అని సైగతో అడిగాడు. తొందరగా జవాబు రాయి.

మామ
సుందరయ్య